నేను పెట్టని పేజీ

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. బోరు పాయింట్లు, అంటే ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో చూడటం నా పని. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. నేను ఇనుప కడ్డీలు భూమిలో దిగగొట్టి, కరెంటు పంపి, మీటరు చూసి లెక్క కడతాను. పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. కింద రాయి ఉంటే అంకె పెరుగుతుంది, తడి ఉంటే తగ్గుతుంది. అంతే.

ఈ మధ్య రైతులు పాయింటు చూసేవాళ్లను కూడా ఫోన్లోనే వెతుకుతున్నారు. నాకూ ఒక వెబ్‌సైటు ఉండాలని అనంతపురంలో సైట్లు తయారుచేసే ఒకామెను అడిగాను. సైటుకు కొత్త పేరు పెట్టుకుంటే వెతికినప్పుడు పైకి రావడానికి చాలా కాలం పడుతుందని, ఎవరో వాడి వదిలేసిన పేరైతే దానికి అప్పటికే గుర్తింపు ఉంటుందని చెప్పింది.

"పాత ఇల్లు కొన్నట్లేన్నా. సున్నం గొట్టుకోని చేరిపోవడమే" అంది.

దొరికిన పేరు యాడికి అనే ఊరి వైపు ఒక పెద్దాయనది. ఆయనా పాయింట్లు చూసేవాడే, కాకపోతే కొబ్బరికాయ పద్ధతి. ఆయన చనిపోయాక ఇంట్లోవాళ్లు పట్టించుకోలేదు. గడువు తీరి పేరు అమ్మకానికి వచ్చింది. కొనేముందు, ఇంటర్నెట్‌లో పాత సైట్ల నకళ్లు దాచే చోట ఆయన పేజీలు కొన్ని చూశాను. ఒక్కో రైతు పొలానికి ఒక పేజీ, నీళ్లు ఎక్కడున్నాయో రెండు వాక్యాలు. తప్పుడు వ్యాపారం ఏమీ కనబడలేదు. కొన్నాను. పేరు మాత్రమే నాకు వచ్చింది. ఆయన పేజీలు ఒక్కటీ రాలేదు.

ఫోన్లు మొదలయ్యాయి. అలా పిలిచినవాడే ఓబులేసు. వజ్రకరూరు దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి. బోరు ఎండిపోయి ట్యాంకర్లతో తడుపుతున్నాడు. ఆకులు ముడుచుకుపోయాయి. ఆ వేసవిలో నీళ్లు పడకపోతే చెట్లు నరికి కట్టెలకు అమ్ముకోవాల్సిందే.

గట్లతో సహా పొలమంతా కడ్డీలు వేశాను. తూర్పు గట్టున చిన్న సమాధి ఉంది. కిందటేడు జ్వరంతో పోయిన వాళ్ల పాపది, నాలుగేళ్ల పిల్ల. మా వైపు సొంత చేనులోనే పూడ్చుకోవడం మామూలే. దాని పక్కన కూడా చూశాను. అంతటా రాయే. బోరు వేయొద్దని చెప్పి వచ్చాను.

వారం తర్వాత ఓబులేసు ఫోన్ చేశాడు.

"నీళ్లు పడినాయన్నా. నువ్వు చెప్పిన చోటే."

"నేనేం చెప్పలేదు కదప్పా."

"నోటితో చెప్పలేదులే. బిడ్డ సమాధి తవ్వమని మొగం జూసి ఎట్ల చెప్తావు? అందుకే నీ సైటులో పెట్టినావనుకుంటిమి."

అతను ఆ పేజీ ఫోటో పంపాడు. పైన నేను కొన్న పేరే ఉంది. ఓబులేసు నాయన పేరు, ఊరు, పొలం వివరం. కింద ఇలా ఉంది: "తూర్పు గట్టున, పాప సమాధి కింద. ఇంకెక్కడా లేవు."

నా సైటులో అలాంటి పేజీ లేదు. సైటు చేసినామె కూడా వెతికింది. చివరికి నకళ్లు దాచే చోట దొరికింది, అక్షరం తేడా లేకుండా. ఓబులేసు నాయన బతికుండగా ఆ పెద్దాయన చూసిన పాయింటు అది. నకలు తీసిన తేదీ చూశాను. అప్పటికి పాప పుట్టలేదు. పాప పుట్టేనాటికి పెద్దాయన లేడు.

వేరే పాప ఎవరైనా అయివుండొచ్చా అని అడిగాను. "మా చేన్లో ఇంకెవుర్నీ పూడ్చలేదన్నా" అన్నాడు ఓబులేసు.

మర్నాడు వెళ్లాను. సమాధి ఉన్నచోట కేసింగ్ పైపు నిలబడి ఉంది. చెట్ల మొదళ్లు తడిగా ఉన్నాయి.

"పాప ఎముకలు దొరికినకాడికి కొత్త గుడ్డలో మూటగట్టి పడమటి గట్టున పెట్టినామన్నా" అన్నాడు.

అతని భార్య పడమటి గట్టు మీదే కూర్చుని ఉంది. పక్కన బిందె. బోరు నీళ్లు ముట్టకుండా ఊర్లోంచి తెచ్చుకుంటోందట.

"కడ్డీలు తెచ్చినావా అన్నా?" అని అడిగింది. తెచ్చానన్నాను. "ఈడ వేసి చూడు. ఈడ నీళ్లు లేవని మా ఆయప్పకు చెప్పు. మళ్ల తవ్వకుండా."

ఆ చోటు నేను ముందే చూశాను. రాయి. ఆమె తృప్తి కోసం మళ్లీ వేశాను. అంకె పడిపోయింది. కడ్డీలు పీకి ఇంకోసారి వేశాను, బ్యాటరీ మార్చాను. అదే అంకె. అంత తడి నా పనిలో ఎక్కడా చూడలేదు. కొత్తగా తవ్విన పొడిమట్టికి అంకె పెరగాలి గానీ తగ్గకూడదు.

"లేవమ్మా" అన్నాను.

ఆమె తలూపి బిందె ఎత్తుకుంది. ఓబులేసు నా వెనకే నిలబడి ఉన్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు, ఏ అంకె వస్తే కింద ఏముంటుందో అడిగితే అతనికి నేనే చెప్పాను.

ఆ పేజీ రాసినాయనకు పాప సంగతి ఎలా తెలిసిందో, ఆ గట్టున అంకె ఎందుకు మారిందో ఇప్పటికీ నా లెక్కకు అందలేదు. ఓబులేసు ఆ అంకె చూశాడని మాత్రం తెలుసు.