ముడి విప్పని కవర్లు

బాన్సువాడలో సినిమా ఎలా ఉందో తెలుసుకోవడానికి ఫోన్లు చూడటం ఈమధ్య మొదలైంది. అంతకుముందు నుంచీ ఉన్న పద్ధతి ఒకటే, సమ్మవ్వను అడగడం. బస్టాండు వెనక టాకీసులో సమ్మవ్వ చీపురు పట్టి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. ఆట విడిచాక నేల చూస్తే ఆమెకు సంగతి తెలిసిపోతుంది.

మక్కపేలాల పొట్లాలు సగం తిని పడేసి ఉంటే సినిమా బాగున్నట్టు, తినడం మరిచిపోయారన్నమాట. పొట్లం అడుగుదాకా నాకినట్టు ఖాళీగా ఉంటే వాళ్లకు లోపల వేరే పనేమీ దొరకలేదని అర్థం. ఇక పెద్ద హీరోల సినిమాలకు కుర్రాళ్లు కవర్ల నిండా కాగితాలు చింపుకొచ్చి ఎగరేస్తారు. ఆ ముక్కలు ఎక్కడ పడ్డాయి, ఎంత పడ్డాయి అన్నదాన్ని బట్టి ఎవరు ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచారో కూడా చెప్పగలదు. గేటు దగ్గర ఎవరైనా "ఎట్లుందవ్వా?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. మేనేజరు శివరాం కసురుకున్నా చెప్పేది. ఆమె దగ్గర ఊరు నమ్మే వస్తువు అదొక్కటే ఉందని ఆమెకు తెలుసు, దానిమీద కొంచెం గర్వం కూడా ఉంది.

టాకీసుకు రాకముందు ఆమె వర్ని దగ్గర కాలువ కింది మడుల్లో కూలి చేసేది. యూరియా చల్లడం మగవాళ్ల పని అంటారు గానీ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రామబ్రహ్మం మాత్రం తట్ట తెచ్చి సమ్మవ్వకే ఇచ్చేవాడు. ఆమె చెయ్యి అంత నిలకడగా ఉండేది, మడంతా ఒక్క తీరుగా పడేది. బురదలో నానీ నానీ పాదాలు పగిలి పుళ్లయ్యాక, ఇక నీళ్లలో దిగొద్దని దవాఖానలో చెప్పారు. అలా ఆమె టాకీసుకు చేరింది.

'గండ్రగొడ్డలి' మొదటి భాగం పన్నెండేళ్ల కింద ఆ హాల్లోనే ఆడింది. ఆ రోజు నేలంతా మడమ మునిగే కాగితాలు. నాలుగు బస్తాలు నింపి, నడుము పట్టేసి, ఆ హీరోనూ ఆ గొడ్డలినీ కలిపి తిట్టుకుంది. రెండో భాగానికి రెండు బస్తాలయ్యాయి. మూడోదానికి ఒక్క బస్తా, అది కూడా పాట దగ్గర ఎగరేసిందే. అయినా నాలుగోది తీశారు. ఎందుకు తీశారంటే, మూడోదానికి కూడా జనం టికెట్లు కొన్నారు కాబట్టి.

నాలుగో భాగం విడుదలైన పొద్దున ఆరు గంటలకు ఫ్యాన్స్ షో పడింది. ఆట విడిచాక కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి ఫోన్ల ముందు బ్లాక్‌బస్టర్ అని చెబుతున్నారు. మొదటి రోజు అభిమాని నోట ఇంకో మాట రాదు, వస్తే తన ఇంటి గుట్టు తానే బయటపెట్టుకున్నట్టు ఉంటుంది వాడికి. సమ్మవ్వ వాళ్లను దాటి, నాలుగు బస్తాలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లింది.

నేల శుభ్రంగా ఉంది. కుర్చీల కింద కాగితాల కవర్లు మాత్రం కనబడ్డాయి, తెచ్చినవి తెచ్చినట్టే, ముడి కూడా విప్పకుండా. వెనక్కి తీసుకుపోతే సిగ్గని కాళ్లతో లోపలికి నెట్టేసి పోయారు. మొత్తం ఇరవై మూడు. పని పావుగంటలో తేలిపోయింది. పని తక్కువైతే సంతోషపడాలి గానీ సమ్మవ్వకు భయం వేసింది. ఈ సినిమా రెండు వారాలు ఆడకపోతే హాలు మూసి ఫంక్షన్ హాలు చేస్తానని టాకీసు యజమాని సేటు చెప్పిన మాట అక్కడ పనిచేసే అందరికీ తెలుసు.

శివరాం తలుపు దగ్గరికొచ్చి నేల చూశాడు, కవర్లు చూశాడు.

"సమ్మవ్వా, గా కవర్లు ఇప్పు. ఇప్పి చల్లు."

"ఏంది సారూ?"

"పేపర్లు చల్లుమంటున్న. పదకొండు గంటల ఆటకొచ్చెటోళ్లు పక్క తలుపుల నుంచి తొంగి చూస్తరు. నేల తెల్లగుంటె టికెట్ తీసుకుంటరు."

"మంచిగ లేదని మనకు తెల్సుగద సారూ."

"మంచిగ లేకున్నా కొంటరు. ఫ్యాన్సు వాళ్లు, ఇయ్యాల కాకుంటె రేపన్న కొంటరు. కొనెటోళ్లకు లోపలికి పొయ్యేటప్పుడన్న జర సంతోషం ఉండనీ." గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం మంచిగున్నదా గీ పని జేయనీకి? హాలు బందైతె నువ్వెటు పోతవ్, నేనెటు పోత?"

ఆ పాదాలతో ఆమెకు మళ్లీ మడిలోకి దిగే వీల్లేదు. ఒక్కో ముడీ విప్పి, కవరు ఎడమ చేతికి తగిలించుకుని, ముందు వరస నుంచి వెనక వరస దాకా నడుస్తూ చల్లింది. ఇరవై రెండేళ్లుగా ఎత్తిన చెత్తను ఆ రోజు తన చేత్తో తానే వేసింది. చివరి కవరు ఖాళీ అయ్యాక చేతులు తుడుచుకోవాలనిపించింది, తుడుచుకుంది.

పదిన్నరకు రాజాబాబు హ్యాండిల్‌కు ఒక కాగితాల కవరు తగిలించుకుని మోటార్‌సైకిలు మీద వచ్చాడు. రామబ్రహ్మం కొడుకు, నలభై ఐదేళ్ల రైతు, వర్ని వైపు ఈ హీరో అభిమానులకు పెద్ద. పొలానికి కోత మిషన్ రావడం వల్ల ఫ్యాన్స్ షోకు రాలేకపోయాడు. 'గండ్రగొడ్డలి' ఏ భాగం వచ్చినా మొదటి రోజు సాయంత్రం ఆట మొత్తం తనే కొని, ఊళ్లోని ఆడవాళ్లనూ కూలీలనూ ట్రాక్టర్లలో తీసుకొస్తాడు. ఈసారీ ఆ డబ్బు జేబులో ఉంది. బయల్దేరేటప్పుడు భార్య సిరీష అడ్డం వచ్చింది. "మూడోది చూసొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు మీరు. మళ్లీ డబ్బులిచ్చి బాధ కొనుక్కుంటారా?" అంది. పొద్దుటి ఆట చూసిన కుర్రాళ్లు ఫోన్ చేసి బాగుందనే చెప్పారు. కానీ వాళ్ల గొంతు అతనికి తెలుసు. అందుకే నేల చూద్దామని నేరుగా పక్క తలుపు దగ్గరికొచ్చాడు.

నేల తెల్లగా కనబడగానే అతని మొహం వెలిగిపోయింది. జేబు మీద చెయ్యి వేసుకుని కౌంటరు వైపు రెండడుగులు వేశాడు. మళ్లీ ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి వచ్చి, గొంతుక్కూచుని నేల వాలుగా చూశాడు. అదునులో మడి చూసుకునే రైతు అలాగే చూస్తాడు.

"సమ్మక్కా, ఇది ఎగరేసిన కాయితం కాదు. చల్లిన కాయితం."

తలుపు పక్కనే నిలబడ్డ సమ్మవ్వ చీపురు కింద పెట్టింది.

"ఎగరేస్తే కుప్పలు కుప్పలుగా పడుతుంది, కుర్చీల మీద పడుతుంది. ఇది నడిచే దారిలో కూడా ఒకే మందాన పడింది. మా నాన్న మడిలో నువ్వు యూరియా చల్లితే ఇలాగే ఉండేది."

సిగ్గుతో తల వంచుకుంది. "ముడి ఇప్పలే రాజాబాబు," అంది చివరికి. "ఇర్వై మూడు కవర్లు. ఒక్కటి సుత ఇప్పలే. నేనే చల్లిన. హాలు బంద్ పెడ్తరంటె చల్లిన."

రాజాబాబు మెట్టు మీద కూలబడ్డాడు. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు.

"మనం కొంటూ పోతే వాళ్లిలాగే తీస్తూ పోతారు. అది నాకు తెలీక కాదు. కొనకపోతే పన్నెండేళ్లుగా ఇదే నా సినిమా అని తిరిగిన నేను ఏమైపోవాలి సమ్మక్కా? పోనీ, హాలు నిలబడ్డానికైనా సాయంత్రం ఆట కొంటాలే."

"వద్దు," అంది సమ్మవ్వ. "నీ పైసలు, నీ ఇష్టం. నీకు గా సినిమా మీద పానమున్నది, నువ్వు జూడు. గా నాట్లేసెటోళ్లను, ముసలోళ్లను ట్రాక్టర్లెక్కిచ్చి మూడు గంటలు కూసోబెట్టకు. నా కొరకైతె అసలే కొనకు. ఒక్క అబద్ధం నేనాడిన, అదొక్కటి చాలు."

అతను లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. ఒక్క టికెట్టు అడిగాడు. సాయంత్రం ఆట సంగతేమిటని శివరాం అడిగితే, మంచి సినిమా వచ్చినప్పుడు తీసుకుంటానన్నాడు.

తలుపులు తీయడానికి ఇంకా పావుగంట ఉంది. సమ్మవ్వ హాలంతా ఊడ్చేసింది. శివరాం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"నువ్వే జెప్పినవా?"

"ఆయనే సదివిండు సారూ. నేల సదువుడు నాకొక్కదానికే అస్తదనుకున్న."

శివరాం నుదురు రుద్దుకుంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

పదకొండు గంటల ఆటకు ముప్పై నలభై మంది కంటే లేరు. విడిచాక రాజాబాబు బయటికొచ్చి, సమ్మవ్వకు తలూపి, మోటార్‌సైకిలెక్కి పొలానికి వెళ్లిపోయాడు. ఆమె చీపురు తీసుకుని లోపలికి వెళ్లింది. ముందు నుంచి మూడో వరసలో చివరి కుర్చీ అతనిది, పన్నెండేళ్లుగా అక్కడే కూర్చుంటాడు. దాని ముందు రెండు వరసల మీద, నేల మీద కాస్త కాగితం పడి ఉంది. ఎగరేసిన కాగితమే. మొత్తం కలిపితే ఒక పిడికెడు ఉంటుంది. తను తెచ్చుకున్న కవరులో మిగిలినది అలాగే ఉంచి, మళ్లీ ముడేసి కుర్చీలో పెట్టి వెళ్లాడు.

అంత చెత్త సినిమాలోనూ ఎక్కడో ఒకచోట ఆ మనిషి లేచాడు. అది ఏ చోటో ఆమెకు తెలియదు. కానీ ఆ పిడికెడు చూస్తే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం పిట్లం నుంచి బస్సు దిగి ఒక కొత్త జంట వచ్చింది. అమ్మాయి గేటు దగ్గర ఆగి అడిగింది. "ఎట్లుందవ్వా?"

కౌంటరు కిటికీలోంచి శివరాం ఇటే చూస్తున్నాడు.

"ఒక్క పిడికెడున్నది బిడ్డా," అంది సమ్మవ్వ. "అంతకంటె లేదు. గా పిడికెడు కోసం కొంటమంటె కొనుండ్రి."

వాళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అబ్బాయి నవ్వి, అదైనా చూద్దాం పద అని రెండు టికెట్లు తీసుకున్నాడు. వాళ్ల వెనక వచ్చిన నలుగురు మాత్రం ఆమె మాట విని వెనక్కి తిరిగిపోయారు. అందరూ తెలిసే కొన్నారు, తెలిసే మానుకున్నారు. సమ్మవ్వ మనసు ఆ రోజంతటిలో అప్పుడే కాస్త కుదుటపడింది.

రాజాబాబు ముడేసి వదిలిన కవరును ఆమె బస్తాలో వేయలేదు. ఐదో భాగం వస్తే అతనికే ఇద్దామని చీపుర్ల గదిలో మేకుకు తగిలించింది. అప్పటికి హాలు ఉంటుందో ఉండదో ఆమెకు తెలియదు.