గురప్పకు పట్టిన పడిశం

బెంగుళూరు బళేపేటలో పశువుల దాణా అంగడి గురప్ప, వాసన చూడనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. దాణా అమ్మేవాడు దాణా వాసన చూడడంలో వింతేముంది అంటారా? గురప్ప పోస్టుకార్డును కూడా చదివేముందు వాసన చూసేవాడు. "ఏమే, హిందూపురంలో వానలు పడుతుండాయి" అని పెళ్ళాం అక్కయమ్మకు కేకేసి చెప్పి, ఆ తర్వాత కళ్ళద్దాలు వెతుక్కునేవాడు. కార్డులో వాన మాట ఉందా, సరే. లేదా, రాసినవాడు మతిమరుపు మనిషని తేల్చేసేవాడు.

కూతురికి సంబంధం చూడబోయినప్పుడు, కాళ్ళకు దండం పెట్టడానికి వంగిన పెళ్ళికొడుకు నెత్తిమీద ముక్కు ఆనించాడట.

"కిరసనాయిలు వాసన వస్తుండాది" అన్నాడు.

పెళ్ళికొడుకు తండ్రి ముఖం మాడిపోయింది.

"దీపం ముందర తల వంచుకుని చదివే పిల్లోడప్పా! ఇంకేం చూసేది? తాంబూలాలు తీయండి" అన్నాడు గురప్ప.

తన పెళ్ళిలో మాత్రం తక్కువ చేశాడా? "తాళి కట్టేటప్పుడు నా మెడ దగ్గరే తల పెట్టి ఎంతసేపున్నా లేవడే! నాకేమో సిగ్గు. తీరా లేచి, మల్లెపూలు నిన్నటివని పూలాయనతో జగడానికి దిగె" అని అక్కయమ్మ ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉంది.

పేటంతా నవ్వుకునేది గానీ, ఆ ముక్కుకు పేటంతా దండం పెట్టేది కూడా. పెళ్ళివంటల్లో నెయ్యి డబ్బా తెరిస్తే మొదట గురప్పకు కబురు పోవాల్సిందే.

ఈ ముక్కు మహిమ సరోజమ్మకు బాగా తెలిసొచ్చింది ఆషాఢంలో. ఆమె తెనాలి నుంచి కొత్తగా వచ్చిన కోడలు. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒక గడప దాటకూడదు, కోడల్ని పుట్టింటికి పంపాలి. కానీ అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. రైళ్ళనిండా సిపాయిలు, తెనాలి దాకా పిల్లని ఎవరు దిగబెట్టాలి? అందుకని అత్త భాగీరథమ్మే మూట సర్దుకుని కోలారులో కూతురింటికి బయల్దేరింది.

పోతూ పోతూ గడపలో నిలబడి, కోడలికి ఆవును అప్పజెప్పింది. "చూడమ్మా, నా కొడుకు చిక్కితే చిక్కనీ. తిమ్మక్క మాత్రం చిక్కకూడదు."

తిమ్మక్క అంటే ఆవు. రెండు పూటలా కలిపి నాలుగు సేర్లు ఇచ్చే ఆవు. భాగీరథమ్మకు కొడుకు ఆంజనేయులు తర్వాత అంతటిది అని లోకం అనుకునేది. నిజానికి ఆంజనేయులే తర్వాత.

సరోజమ్మ మర్నాడే చెనక్కాయ చెక్క కోసం గురప్ప అంగడికి వెళ్ళింది. గానుగలో నూనె తీశాక మిగిలే ఆ చెక్కను గురప్ప మూడుసార్లు వాసన చూసి, ఆ తర్వాత ఆమె తెచ్చిన గోనెసంచిని కూడా చూశాడు.

"నువ్వు రైల్లో చేపలబుట్ట పక్కన కూర్చొని వచ్చినావు కదా తల్లీ?"

"అయ్యో, నేనొచ్చి నెల దాటిందండీ బాబాయిగారూ!"

"నువ్వు మరిచిపోయినావు. సంచి మరవలేదు" అని వేరే సంచి తెచ్చి చెక్క నింపాడు. నింపి వేలెత్తి మరీ చెప్పాడు. "జడివాన రోజులమ్మా. చెక్క ముక్కిపోతాది. పొద్దునా సాయంత్రం మూసి చూడు. మూసి చూడకుండా మాత్రం ఆవుకు పెట్టొద్దు. తెలిసెనా?"

"తెలిసిందండీ" అంది సరోజమ్మ. పాపం, తెలిసిందనే అనుకుంది.

అత్తగారి ఊళ్ళో మొదటి పరీక్ష కదా! సంచి మూతి బిగించి కట్టింది. దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి మూసింది. పెట్టెను వాన తగలకుండా నీళ్ళపొయ్యి పక్కకు జరిపింది. పైన సన్నెకల్లు ఎత్తి పెట్టింది. పూటపూటకూ మూత తీయడం, చటుక్కున రెండు చెక్కలు లాగడం, మళ్ళీ మూయడం. బెంగుళూరు చలికి దిగిన రోజునుంచీ ఆమెకు పడిశం. ముక్కు రెండు వైపులా దిబ్బడ. పదిహేను రోజులకు చెక్క మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే, ఈ ఊరి చెక్క రంగే ఇంత కాబోలు అనుకుని నీళ్ళలో నానేసి తిమ్మక్క ముందు పెట్టింది.

తిమ్మక్క మంచి ఆవు. నాలుగు రోజులు మొహమాటానికి తింది. ఐదోనాడు కుడితితొట్టి వైపు చూడలేదు. నెమరు మానేసింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. నాలుగు సేర్ల పాలు సేరుకు దిగాయి.

అత్త రావడానికి ఇంక ఎనిమిది రోజులే. ఆంజనేయులు మిల్లుకు పోయాక, తల తడుస్తున్నా లెక్కచేయక సరోజమ్మ గురప్ప అంగడికి పరుగెత్తింది.

గురప్ప వచ్చి తిమ్మక్క మూతి వాసన చూశాడు. చెవి చూశాడు. పేడ చూశాడు. ఉన్నట్టుండి ఇంటివైపు తిరిగి నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"చెక్క యాడ పెట్టినావమ్మా?"

పెట్టె తెరిచారు. బూజు పొగలా లేచింది. చూద్దామని వచ్చిన పక్కింటి పిల్లమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగు తీసింది.

"నేను మూసి చూడమంటిని కదా తల్లీ!"

"మూశానండీ బాబాయిగారూ! సంచి మూశాను, పెట్టె మూశాను, పైన సన్నెకల్లు కూడా పెట్టాను. చూశాను కూడానండీ! ఎక్కడైనా సందుందేమోనని చుట్టూ తిరిగి చూశాను!"

వాకిట్లో పిల్లమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో నా బంగారూ! మూసి చూడమంటే వాసన చూడమని! కన్నడంలో మూసేది అంటే అదే. మా నోళ్ళలో రెండు భాషలూ కలిసిపోయి ఉండాయి."

తెనాలిలో మూయడమంటే మూయడమే. సరోజమ్మ నవ్వలేదు. పెట్టె పక్కన కూలబడి ఏడ్చింది. "ఆవు చచ్చిపోతుందా బాబాయిగారూ?"

"చావనిస్తానా? కానీ ఈ చెక్క కడిగినా పోదు, ఉడకేసినా పోదు. బూజు పైన ఉంటాది, విషం లోపలంతా పాకుంటాది" అన్నాడు గురప్ప. ఆ విషానికి పెద్ద చదువుల వాళ్ళు పేరు పెట్టడానికి ఇంకా పదిహేనేళ్ళు పైనే పట్టింది. గురప్ప పేరుతో పని లేకుండా పెరట్లో గొయ్యి తవ్వి, ఇంకో ఆవు నోట పడకుండా చెక్కంతా పూడ్చాడు. రోజూ తనే లేతగడ్డి మోసుకొచ్చాడు. రాగిగంజి కాచించి, చంటిపిల్లను బుజ్జగించినట్టు తాపించాడు.

"మా నాయన కాలంలో, మా అంగడి చెక్క తిని ఒక ఇంట్లో మూడు దూడలు పోయె" అన్నాడొకనాడు, గంజి చల్లారుస్తూ. "ఆ ఇంటామె ఏమీ అనలేదు. తిట్టినా బాగుండు. ఆ పొద్దునుంచి నా ముక్కు నా మాట వినదమ్మా."

ఏడోనాటికి తిమ్మక్క నెమరు వేసింది. సరోజమ్మ ఆనందం పట్టలేక ఆవు మెడ కౌగిలించుకుని, తన ముక్కు దిబ్బడ సంగతి మరిచి, దాని గంగడోలు వాసన చూసింది.

ఎనిమిదోనాడు భాగీరథమ్మ దిగింది. కొడుకు పలకరిస్తున్నా వినకుండా నేరుగా కొట్టంలోకి నడిచింది.

"పక్కటెముకలు లెక్కపెట్టేటట్టుండాదే! పాలెన్ని ఇస్తుండాది?"

"రెండు సేర్లండీ అత్తయ్యా..."

"రెండే! ఏం పెట్టినావే దీనికి?"

గోడమీద నుంచి పిల్లమ్మ తొంగిచూసింది. మంచి కథ చెప్పబోయే ముందు గొంతు సవరించుకుంటారు కదా, అలా సవరించుకుంది. సరోజమ్మ తిమ్మక్క చాటుకు జరిగింది.

గడ్డిమోపు వెనకనుంచి గురప్ప లేచాడు. "పిల్లనేమీ అనొద్దు భాగీరథక్కా. తప్పు నాది. బూజు చెక్క నేనే ఇస్తిని."

"నువ్వా? వాసన చూడకుండానా?"

"పడిశం పట్టి ఉండె. ముక్కున్నన్నినాళ్ళూ పడిశం తప్పుతాదా?"

తర్వాత భాగీరథమ్మ తిట్టిన తిట్లు చిక్కపేట దాకా వినబడ్డాయంటారు. గురప్ప తలవంచుకుని, మధ్యమధ్య దొంగతుమ్ము తుమ్ముతూ అన్నీ పడ్డాడు. పిల్లమ్మ కూడా ఎందుకో కథ మింగేసి గోడ దిగింది.

వారం తిరక్కుండా బళేపేటంతా అతన్ని పడిశం గురప్ప అనడం మొదలుపెట్టింది. శ్రావణంలో పేటలో పెద్ద పెళ్ళయితే నెయ్యి వాసన చూడడానికి ఎవరూ పిలవలేదు. అంగడికి వచ్చిన ఆడవాళ్ళు గురప్పను నమ్మక, చెక్క ముక్కు దగ్గర పెట్టుకుని ఎవరికి వారే పీల్చి చూసుకుంటున్నారు.

సరోజమ్మకు అన్నం సహించలేదు. ఒక మధ్యాహ్నం అంగడికి వెళ్ళింది.

"బాబాయిగారూ, నేను నిజం చెప్పేస్తానండీ. మీ ముక్కు పరువు పోతోంది."

గురప్ప బేరగత్తెల వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. "చూడమ్మా, ఇన్నేళ్ళు అరిచినా ఒక్కరూ వినకపోయిరి. ఈ పొద్దు అందరూ వాళ్ళే వాసన చూస్తుండారు. ఇంక ఏ ఇంట్లోనైనా దూడ పోతాదా?"

"అయినా సరే, మా అత్తయ్యతో..."

"మూసి చూడమ్మా."

సరోజమ్మ వెంటనే బుట్టలోంచి చెక్కముక్క తీసి, బుద్ధిగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇప్పుడామెకు పడిశం లేదు. కమ్మటి వాసన వచ్చింది.

"అది కాదు తల్లీ" అన్నాడు గురప్ప. "ఈసారి మీ తెనాలి మూసేదే చెప్తుండాను. నోరు మూసి చూడు, ఎంత హాయిగా ఉంటాదో!"

సరోజమ్మ నోరు మూసుకుంది. నవ్వు మాత్రం ముక్కులోంచి వచ్చేసింది.