కుప్పం పెట్టెలకు అయిదు వాట్లు

మా ఆయన కుప్పం నుంచి ఆ రెండు స్పీకర్ పెట్టెలను బస్సు టాపు మీద వేసుకుని మదనపల్లెకు తెచ్చిన రోజు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎనభైల మొదటి రోజులవి. మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఆ పెట్టెలేమో ఒక్కొక్కటీ బియ్యం డ్రమ్మంత ఉన్నాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన కుప్పంలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతూ అమ్మేసిన సామాన్లలోవి.

"మంచం యాడ ఏసుకునేది? ఈటి మీదే పండుకునేదా?" అన్నాను.

"మే, ఊరికే అరవొద్దు. అసలైన టేకు. లోపల కాగితం కోను సూడు, ఎంత పల్చగా ఉండాదో" అంటూ ఆయన వాటిని పురిటిబిడ్డను చూపించినట్టు చూపించాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం ఆయనది. పగలంతా తీగలతో వేగింది చాలక ఇంటికొచ్చి కూడా తీగలే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయనకు అది కనిపించదు. అలా గడిచింది మా కాపురం.

పెట్టెలైతే వచ్చాయి కానీ వాటిని మోగించే ఆంప్లిఫయర్ మా ఇంట్లో లేదు. ఆ సంగతి పుంగనూరులో మా నాయనకు తెలిసింది.

మా నాయనది మైక్ సెట్ అంగడి. చుట్టుపక్కల పెండ్లయినా తిరునాళ్లయినా ఆయన సెట్టే మోగాలి. సెట్టు కట్టడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. హారన్లను చెట్టుకో గుంజకో ఎత్తి కట్టి, పాట పెట్టి, తను అక్కడ నిలబడడు. పంచె ఎగ్గట్టి పక్క ఊరి పొలిమేర దాకా నడిచిపోతాడు. పాట అక్కడికి వినబడితే సెట్టు కుదిరినట్టు, లేకపోతే వెనక్కొచ్చి వాల్యూం ఇంకాస్త తిప్పుతాడు. పెండ్లివాళ్లకు కావలసిందీ అదే. పాట ఎలా ఉందని ఎవరూ అడగరు, ఎంత దూరం పోయిందని అడుగుతారు. అలా ఏళ్ల తరబడి మా నాయన పాటల్ని పొలిమేరల్లో నిలబడే విన్నాడు.

కూతురింటికి వచ్చేవాళ్లు ఎవరైనా పండో మిఠాయో తెస్తారు. మా నాయన పెండ్లిళ్లకు పెట్టే పెద్ద ఆంప్లిఫయర్‌ను గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చాడు. "నూరు వాట్లప్పా ఇది. నాకు కొత్తది ఉండాది, ఇది మీరే పెట్టుకోండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి, వెలిగిపోయింది.

మా ఆయన నసిగాడు. "మామా, ఇవి పాతకాలం పెట్టెలు. రెండు మూడు వాట్లకే ఇల్లు నిండిపోతాది. నూరంటే..."

"ఏనుగంత పెట్టెలు! ఉగ్గుగిన్నెతో పోస్తే యాడ సాలుతాది అల్లుడూ?"

మామగారు ప్రేమగా తెచ్చినదాన్ని కాదనలేక మా ఆయన తీగ తేవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. ఆ కాస్తలోనే అయిపోయింది. ఆ ఆంప్లిఫయర్ వెనక తీగలు బిగించే మరలు రెండు రకాలుంటాయి. ఒకటి ఎక్కడో దూరాన చెట్ల మీదుండే హారన్ల కోసం, రెండోది పక్కనే ఉండే పెట్టెల కోసం. హారన్ మరలో కరెంటు ఒత్తిడి ఎక్కువ, మామూలు పెట్టె తట్టుకోలేదు. మా నాయన జన్మంతా తీగ బిగించింది హారన్ మరకే. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. గోనెసంచిలో తెచ్చుకున్న తన తీగనే ఒక పెట్టెకు కలిపి, మా ఇంటి రేడియోను తగిలించి పెట్టి, అలవాటు ప్రకారం చెప్పులేసుకుని వీధి చివరికి నడిచాడు.

పెట్టె ఒక్క అరుపు అరిచింది. అల్మరాలో గ్లాసులు గలగలలాడాయి, ఉయ్యాల్లో నా బిడ్డ కెవ్వుమంది. ఏ మీట తిప్పితే ఆగుతుందో తెలియక నేను రెండు చెవులూ మూసుకున్నాను. ఎదురింటావిడ బయటికొచ్చి ఏమైందని చేతులూపుతోంది. మా నాయన వీధి చివర నుంచి తల అడ్డంగా ఊపుకుంటూ వెనక్కొచ్చాడు. పెట్టె ముందుకు వంగి, "ఏందిది, గొంతే లేదే దీనికి!" అని వాల్యూం ఇంకా తిప్పాడు. "నాయనా, సాలు! నాయనా!" అని నేను ఆయన వెనకాలే నిలబడి అరుస్తూనే ఉన్నాను. ఆయన తిరిగి చూడలేదు. లోపల ఏదో టప్పుమంది, కాలిన వాసన వచ్చింది, పెట్టె మూగబోయింది.

అప్పుడు ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. చెవుల మీద నా చేతులు, గుమ్మంలో తీగచుట్ట పట్టుకుని మా ఆయన. అన్నీ ఆ ఒక్క చూపులోనే తెలిసిపోయాయి ఆయనకు.

"పాతది మామా, ఎప్పుడో పోవాల్సిందే" అని మా ఆయన అన్నాడు. మా నాయన ఆంప్లిఫయర్‌ను గోనెసంచిలో చుట్టుకున్నాడు. సంగటి, ఊరుబిండి పచ్చడి, కోడికూర చేసి ఉంచాను. పని ఉందని చెప్పి ముద్ద ముట్టకుండా బస్సెక్కేశాడు. తర్వాత బిడ్డ పుట్టినరోజుకు రాలేదు, ఉగాదికీ రాలేదు. పెట్టె కాలిందన్న దిగులు నాకు గోరంత కూడా లేదు. మా నాయన మళ్లీ నా గడప తొక్కడేమోనన్నదే నా భయం.

ఉండబట్టలేక పుంగనూరు వెళ్లాను. వంటింట్లో మా అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఆయనకు సెవులు పొయ్యి శానా దినాలాయ పాపా. మొగం సూసి, పెదాలు సూసి నెట్టుకొస్తాండాడు. మైకు కూత పెడతా ఉంటే జనం అరస్తారు, ఆయనకు వినపడదు. నీకు సెప్పొద్దని నాతో ఒట్టు ఏయించుకున్యాడు."

నేను నేరుగా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. చెవి మిషన్ పెట్టుకోమని పోరాను. ఆయన నా పెదాల వైపే చూసి, అంతా అయ్యాక నిదానంగా అన్నాడు: "మైక్ సెట్టోడు సెవిలో మిషన్ పెట్టుకుంటే పెండ్లికి ఎవుడు పిలుస్తాడమ్మా?" వచ్చేటప్పుడు బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మదనపల్లె దాకా ఏడ్చాను.

మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన మామ కోసమని ఎక్కడెక్కడివో పాడైన వాల్వు రేడియోలు తెచ్చి, వాటి లోపలి సామాను విప్పి చిన్న ఆంప్లిఫయర్ కట్టడం మొదలుపెట్టాడు. మహా అయితే అయిదు వాట్లు. "ఇంతేనా?" అన్నాను, మైక్ సెట్టు వాడి కూతుర్ని కదా. ఆయన నా వేలు పట్టుకుని మిగిలిన పెట్టెలోని కోనును మెల్లగా తాకించాడు. ఊదితే కదిలేటంత తేలిగ్గా ఉంది. వాట్లు కరువైన కాలంలో చేసిన పెట్టెలట అవి, ఇచ్చిన దాంట్లో చుక్క కూడా పారబోయవట. బజార్లో దొరికే కొత్త చిన్న పెట్టెలైతే ఎంత పోసినా తాగి ఊరుకుంటాయట. కానీ ఇంత చురుకైన పెట్టెతో ఒక తంటా ఉంది. ఆంప్లిఫయర్‌లో చీమంత గుయ్యిమన్నా ఇది ఇల్లంతా చాటుతుంది. ఆ గుయ్యిని పోగొట్టడానికే ఆయనకు ఎక్కువ కాలం పట్టింది. తీగలు విప్పడం, మళ్లీ కట్టడం, పెట్టెకు చెవి ఆనించి కూర్చోవడం. అన్నానికి పిలిస్తే "ఉష్" అనేవాడు. మామూలుగా అయితే గరిటె విసిరేదాన్ని. ఆ దినాల్లో మాత్రం నోరు మూసుకుని కంచం అక్కడికే తీసుకెళ్లి ఇచ్చాను.

పని పూర్తయ్యాక నేనే వెళ్లి నాయనను పిలిచాను. ఊరికే రమ్మంటే రాడని తెలుసు. "అల్లుడికి ఒక మైకు కావాల్నంట. నువ్వే తెచ్చి పెట్టాల్నంట" అన్నాను. పని మీద పిలుపు కదా, కాదనలేకపోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన పెట్టె పక్కనే కుర్చీ వేసి మామగారిని కూర్చోబెట్టాడు. "మామా, వాల్యూం మీరే పెట్టండి" అన్నాడు. మా నాయన చెయ్యి ముందుకు రాలేదు. ఒళ్లోని తుండుగుడ్డను నలుపుతూ కూర్చున్నాడు. "మీరే పెట్టాల. నేను ముట్టుకోను" అని మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ క్షణంలో మా ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మా నాయన కొంచెం తిప్పాడు. ఆగాడు. మరికొంచెం తిప్పి, చెవి పెట్టె దగ్గరికి వంచాడు. రేడియోలో రైతుల కార్యక్రమం వస్తోంది. కాసేపటికి ఆయన పెదాలు కదిలాయి. "పశువులకు... గాలికుంటు టీకా... యేయించమంటాండాడు" అన్నాడు. మళ్లీ మా వైపు తిరిగి, "వానలకు ముందే యేయించాల్నంట!" అని గట్టిగా అన్నాడు, మా ఇంట్లో నలభై ఎనుములున్నట్టు. మా ఆయన పకపకా నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

తర్వాత మా నాయన తను తెచ్చిన మైకును తనే తగిలించాడు. మైకు పెట్టె ముందుంటే కూత పెడుతుందని తీగను సాగదీసి వంటింట్లో నా చేతికిచ్చి, తలుపు దగ్గరికి వేసి, పోయి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆయనకు కనిపించను. నా పెదాలూ కనిపించవు. ఏం మాట్లాడాలో తోచక, రోజూ మాట్లాడినట్టే మెల్లగా అడిగాను.

"నాయనా, కాఫీ పెట్టేదా? సక్కెర ఎంత ఎయ్యాల?"

ముందుగదిలో సద్దు లేదు. వినబడలేదేమో అనుకున్నాను. తలుపు తీసి చూశాను. మా నాయన రెండు చేతులూ ఆ టేకు పెట్టె మీద పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"అచ్చం మా యమ్మ గొంతే" అన్నాడు. "నీది సన్న గొంతు గదా పాపా, ఎప్పుడు మారింది? నాకు తెలీనే లేదే."