పైడిరాజు ఆటోపే

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన పైడిరాజు తాను బిగించిన ప్రతి బోల్టునూ రెండుసార్లు తట్టి చూస్తాడు. ఫోనుకొచ్చే మెసేజీలను మాత్రం చదవకుండానే బొటనవేలితో పక్కకు తోసేసేవాడు. పోయినేడాది టాటానగర్ నుంచి చెల్లెలు తన బొచ్చుకుక్కతో వచ్చినప్పుడు, క్రెడిట్ కార్డు మీద ఒక డాగ్ ఫుడ్ బస్తా తెప్పించాడు. చెల్లెలూ కుక్కా వెళ్ళిపోయినా, ప్రతి ఐదో తారీఖునా బస్తా వస్తూనే ఉంది. కంపెనీవాళ్ళు మర్యాదకు పంపుతున్నారనుకుని దాన్ని తాముండే మలంచా పేటలోని ఏడు వీధికుక్కలకు పోసేవాడు. కార్డు బిల్లులో అన్నిటికంటే చిన్న అంకె ఏదో, ఆ మినిమం డ్యూ మాత్రమే కట్టి, బాకీ తీరిందని నిశ్చింతగా ఉండేవాడు. చివరికి భార్య వరహాలు స్టేట్‌మెంటు మొత్తం చదివింది. "ఇది ఆటోపే అంట మావా, నెలనెలా దానంతటదే కార్డు మీద పడిపోద్దంట! పదకొండు బస్తాలు కొన్నావు. కట్టిన వడ్డీతోటి ఇంకో నాలుగొచ్చీవి. మనకి కుక్కేది?"

పైడిరాజు ఆ పూటే ఆటోపే ఆపేశాడు. ఓవర్‌టైము డబ్బుతో బాకీ మొత్తం కట్టేశాడు. అయితే ఆ సంగతి కుక్కలకు తెలియదు. ఐదో తారీఖున ఏడు కుక్కలూ గుమ్మం ముందు వరసగా కూర్చున్నాయి. పైడిరాజు మెట్టు మీద కూర్చుని వాటికి స్టేట్‌మెంటు చదివి వినిపించాడు. వడ్డీ దగ్గరికి వచ్చేసరికి అన్నీ తోకలూపాయి.

"కుక్కలకి సెప్తన్నావేటి?" అంది వరహాలు.

"తిన్నోలకి తెలవాల కదే."

తర్వాత సైకిలు మీద గోల్‌బజార్ వెళ్ళి, నగదిచ్చి రెండు కిలోల నూకలు తెచ్చాడు.

"మళ్ళీ మొదలెట్టినావా?"

"ఆ కంపెనీవోడు అడక్కుండా తీసుకున్నాడు. ఇవి ఇంటికొచ్చి అడిగినాయి," అంటూ పైడిరాజు ఎసరు పెట్టాడు.