రెండు చేతుల సిరా

మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ నువ్వు ఏ పార్టీ అని అడగరు. టీ ఎక్కడ తాగుతాడో చూస్తారు. జిన్నింగ్ మిల్లు సెంటర్లో రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు టీ కొట్లున్నాయి. మిల్లు గోడని ఆనుకుని ఉన్నది ఒక పార్టీ వాళ్ళది, బస్టాండు వైపుది రెండో పార్టీ వాళ్ళది. బోర్డులేం లేవు. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు పాపం తెలియక పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట తాగాడు. వారం తిరక్కుండా రెండు వైపులవాళ్ళూ ఆయన రాగానే మాటలు ఆపేయడం మొదలుపెట్టారు.

మా నాన్నది మిల్లు వైపు. మేం దూదేకులవాళ్ళం. నాన్న పరుపులు కుట్టేవాడు. దూది మిల్లులో కొనేవాడు కాబట్టి టీ కూడా అక్కడే తాగేవాడు. తర్వాత నీటికాసుల జబ్బు చూపు తినేసింది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆ కొట్టు నడిపే ఆయన్ని నేను బాబాయి అంటాను. రోజూ పొద్దున్నే మా సందు మొదటికొచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని మిరపకాయ టిక్కీ బస్తాల లారీల మధ్యనుంచి రోడ్డు దాటించేవాడు. సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి, వేళ్ళు బిగుసుకునేదాకా ఆగి అప్పుడు వదిలేవాడు. సొంత తమ్ముడు కూడా అంత చెయ్యడు.

ఓట్ల రోజు నాన్నకి తోడుగా నేను లోపలికి వెళ్ళాను. చూపు లేనివాళ్ళకి అలా వెళ్ళనిస్తారు. ఓటు ఎవరికి పడిందో బయట చెప్పనని నాచేత సంతకం పెట్టించుకుని, నా కుడి చూపుడువేలికి సిరా పూశారు. ఎడమ వేలికి నా సొంత ఓటు సిరా అప్పటికే ఉంది. పార్టీ ఏజెంటుగా గోడ పక్కన కూర్చున్న బాబాయి మమ్మల్ని చూసి, "అన్నా, మెట్టుంది, మెల్లగా," అన్నాడు. నాన్న నవ్వాడు.

అట్ట చాటుకి వెళ్ళాక నాన్న నా చెవిలో గుర్తు చెప్పాడు. బస్టాండు వైపు వాళ్ళ గుర్తు.

"సరిగ్గానే చెప్తున్నావా?" అన్నాను గొంతు తగ్గించి.

"నొక్కవే."

నొక్కాను. అంతకుముందే నా ఓటు మిల్లు వైపు వాళ్ళకి వేసి ఉన్నాను. నా ఓటుని నా చేత్తోనే కొట్టేసినట్టయింది. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చే దారిలో ఆగలేక అడిగేశాను. "వాళ్ళకెందుకేశావు?"

"మన సందుకి కుళాయి వేయించింది వాళ్ళే. మీ అమ్మ బిందెలు మోసి మోసి నడుం పోగొట్టుకుంది, మర్చిపోయావా?"

"మరి టీ మిల్లు వైపెందుకు తాగుతావు?"

"టీకీ ఓటుకీ సంబంధం ఏంటే? వాడు నాకు తమ్ముడు. నోరు జాగ్రత్త, సంతకం పెట్టొచ్చావు."

ఓట్లకీ లెక్కింపుకీ మధ్య వారాలు గడిచాయి. ఊరు ఊపిరి బిగపట్టుకుంది. బంకుల్లో సీసాల్లో పెట్రోలు పోయడం ఆపేశారు. రెండు కొట్ల దగ్గరా సందుల వారీగా లెక్కలు వేసుకుంటున్నారు. మా సందుని గురించి రెండు చోట్లా ఒకటే మాట: "ఆ దూదేకులోళ్ళంతా మిల్లు వైపే." ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. బస్టాండు వైపు వాళ్ళు గెలిచారు. సెంటర్లో షట్టర్లన్నీ దిగాయి. నాన్న మాత్రం ఎవరినో బతిమాలి రోడ్డు దాటి, మూసి ఉన్న కొట్టు ముందు సిమెంటు బల్ల మీద కూర్చున్నాడని పక్కింటావిడ వచ్చి చెప్పింది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"లే నాన్నా, ఇంటికి పోదాం."

"వాడు లోపలున్నాడు," అన్నాడు మెల్లగా. ఏజెంటుగా కూర్చున్నాడు కాబట్టి బాబాయి కోసం వస్తారని అందరికీ తెలుసు. ఇంటికి పోయే వీలు లేక షట్టర్ దించుకుని కొట్లోనే ఉండిపోయాడు. నాన్న ఆ షట్టర్‌కి వీపు ఆనించి కూర్చున్నాడు.

అంతలో బైకులొచ్చాయి. సైలెన్సర్లు పీకేసిన బైకులు. దిగినవాళ్ళలో సగంమంది మా సందు పిల్లలే.

"తాతా, లెగు. షట్టర్ ఎత్తాలి."

"నేను లెగను."

"నీక్కూడా పడతాయి మరి. నువ్వు వాళ్ళోడివేగా!"

ఒకడి చేతిలో ఇనప రాడ్డుంది. నాన్నకి అది కనపడదు, నాకు కనపడుతోంది. ఇక ఆగలేదు. "మా నాన్న మీకే వేశాడు!" అని అరిచాను.

వాళ్ళు పగలబడి నవ్వారు. "ఓడిపోయాక అందరూ ఇట్టాగే అంటారక్కా."

కుడి వేలు వాళ్ళ మొహాల ముందు పెట్టాను. గోటి మీద సిరా ఇంకా పోలేదు. "నేనే నొక్కాను. కుడి చేతికి సిరా ఎందుకు పూస్తారో మీ పెద్దోళ్ళనడగండి!"

నవ్వులు ఆగాయి. రాడ్డు పట్టుకున్నవాడి గొంతు మారిపోయింది. "అయితే నువ్వు మనోడివే తాతా. నీ జోలికి రాం. పక్కకి జరుగు చాలు."

అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. నాన్న వాళ్ళ మనిషైతే, ఇక షట్టర్‌కి అడ్డెవరు?

నాన్న తన చేతికర్రని రెండు చేతులా పట్టుకుని గట్టిగా అన్నాడు. "అది అబద్ధమాడుతోంది. భయమేసి వాగుతోంది. నేనేసింది వీడి పార్టీకే. ఏం చేస్తారో చెయ్యండి."

సీమటపాకాయల సరం అంటించి బల్ల కిందకి విసిరారు. నాన్న ఒళ్ళంతా అదిరింది కానీ లేవలేదు. నేను ఆయన్ని వాటేసుకుని కళ్ళు మూసుకున్నాను. బస్టాండు దిక్కు నుంచి పోలీసు జీపు సైరన్ వినిపించేసరికి నీళ్ళ డ్రమ్ము తన్నేసి, పైనున్న ఫ్లెక్సీ చింపేసి వెళ్ళిపోయారు. అప్పుడు షట్టర్ ఎత్తి బాబాయి బయటికొచ్చాడు. నాన్నని చూడలేదు. నా కుడి వేలు చూశాడు.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సంతకం పెట్టావు కదే," అన్నాడు అంతే. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అరుస్తాను, అది కూడా ఇక్కడే చెప్తున్నాను. కళ్ళ ముందు రాడ్డు ఉన్నప్పుడు సంతకం ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు రోడ్డు నేనే దాటిస్తున్నాను. బాబాయి సందు మొదటికి రావడం లేదు. బస్టాండు వైపు కొట్లోంచి "ఇటు రా తాతా, నువ్వు మనోడివి," అని కేకేస్తారు. నాన్న వినపడనట్టే నడుస్తాడు. మిల్లు వైపు బల్ల మీద కూర్చుంటాడు. బాబాయి టీ తెస్తాడు, తేకుండా ఉండడు. కానీ గ్లాసు చేతికివ్వడు. బల్ల చివర పెట్టి వెళ్ళిపోతాడు.

నాన్న చెయ్యి సిమెంటు మీద తడుముకుంటూ పోతుంది. నిన్న చూడలేక గ్లాసు దగ్గరికి జరపబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు ఉండు. వాడు పెట్టాడుగా, నాకు దొరుకుద్ది."