మోగిన బండకే కదిలే గుర్రం

పలకల గని బండి లాగుతూ కూలిపోయిన ఆడగుర్రాన్ని పోలీసులు మార్కాపురంలో మా పశువుల ఆసుపత్రికి తెచ్చి అప్పగించినప్పుడు దాని ఒంటి మీదున్నవి ఇవి: మెడ మీద లోతుగా పుండు, చర్మం ఊడిన రెండు మోకాళ్లు, ఎడమ వెనక గిట్టలో చీలిక, వీపంతా కొరడా చారలు. యజమాని మళ్లీ దాని మొహం చూడలేదు. మెల్లగా పుండు మానింది. గిట్ట పెరిగాక లాడం కొట్టించాను. మద్రాసులో నేను చదివిన చదువు అంతవరకే పనికొచ్చింది.

దిక్కులేని గుర్రానికి ఆసుపత్రిలో ఎల్లకాలం దాణా పెట్టరు. ఎవరైనా పనికి తీసుకుంటే ఇచ్చెయ్యాలి. లేకుంటే కర్నూలు నుంచి తనిఖీకి వచ్చే పెద్ద డాక్టరు తుపాకితో కాల్చెయ్యమని రాసిపోతాడు. ఆయన శనివారం వస్తున్నాడని కబురొచ్చింది.

తీసుకుంటానన్నది ఒక్కడే, స్టేషనుకు జట్కా తోలే ముసలి సాయిబు. ఆయన గుర్రం ఆ ఎండాకాలంలోనే చచ్చిపోయింది. రోజూ పొద్దున్నే ఖాళీ జట్కాను తానే లాక్కుని, పలకల కొట్టాలకు దూరంగా ఊరి చివరున్న మా ఆవరణలోకి వచ్చేవాడు. ఖాళీ బండికి కడితే గుర్రం చక్కగా తిరిగేది. మనుషులు ఎక్కితే మాత్రం నాలుగు కాళ్లూ నాటుకుని నిలబడిపోయేది. బెల్లం చూపించాం. కళ్లకు గంతలు కట్టాం. ముందు ఇంకో గుర్రాన్ని నడిపించాం. బరువు తగ్గించి ఒక్క మనిషినే ఎక్కించాం. కదల్లేదు. కొరడా చూస్తే వణికేది తప్ప అడుగు వేసేది కాదు.

తక్కిన జట్కావాళ్లు ప్రహరీ మీద కూర్చుని చూసేవాళ్లు.

"సాయిబు మామా, పెండ్లికూతురికి హారతి పట్టు, కదుల్తాది," అన్నాడొకడు.

ముసలాయన వాళ్లవైపు చూడలేదు.

గురువారం దాని గిట్టలు సరిచేస్తున్నాను. దాన్ని కట్టిన జట్కాలో బరువుకోసం సాయిబు, ఆయన భార్య కూర్చున్నారు. నా చేతిలోని ఇనుప ఆకురాయి జారి నీళ్లతొట్టి దగ్గర పరిచిన పలకబండ మీద పడి ఖంగుమంది. గుర్రం ఒక్కసారిగా ముందుకు నడిచింది.

అప్పుడు తట్టింది. గనిలో బండి నిండాక పైబండను సుత్తితో ఒక దెబ్బ కొడతారు. పగులు లేక గట్టిగా మోగితేనే తోలమంటారు. ఆ మోత వినకుండా కదిలినందుకే దీన్ని కొట్టి ఉంటారు. పుట్టినప్పటి నుంచీ బండల మోత వింటున్న మా ఊళ్లో ఆ మోత ఎవరి చెవికీ పట్టదు. అందుకే మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పలకల వీధిలో సాయిబు ఒక పెద్దావిడను ఎక్కించుకోబోతుండగా పక్క కొట్టంలో ఎవరో బండను తట్టారు. ఆమె ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగానే గుర్రం కదిలింది. ఆమె పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. సాయిబు గుర్రాన్ని వెనక్కి తెచ్చాడు.

"ఇట్ల కాదు డాకటరయ్యా. ఊరంతా ఇదే మోత. రేపు ఎవరన్నా చక్రం కింద పడినారంటే?"

గుర్రం మెడ మీద మానిన పుండు చుట్టూ తెల్లవెంట్రుకలు మొలుస్తున్నాయి. నేనే మాన్పిన మెడ అది. తుపాకి గుండు దించే చోటు చదువులో నేర్చుకున్నాను గనక నా చూపు మాటిమాటికీ దాని నుదుటి మీదికే పోతోంది. బండలు మోగని ఊరు ఏదైనా ఉందా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

సాయిబు కూతుర్ని గిద్దలూరు ఇచ్చారు. అల్లుడికీ ఆయనకూ మాటల్లేవు.

"గిద్దలూరులో గనుల్లేవు," అన్నాడు. "అల్లుడు వాకిట్లోకి రానిస్తాడో లేదో. దీన్ని తోలుకొని అట్లనే పోతాం."

శుక్రవారం జట్కాలో ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు, చాపలో చుట్టిన పరుపు. ఆయన భార్య ఒళ్లో పలకబండ ముక్క, చేతిలో నా ఆకురాయి. నేనిచ్చినవి. ఆమె ఏడుస్తూనే బండ మీద కొట్టింది. గుర్రం కదిలింది. పలకల వీధి మొదట్లోనే మోతలకు బెదిరి ఉరకబోతే సాయిబు దిగి, తన తలగుడ్డ దాని చెవులకు చుట్టి, బట్టతలతో ఎండలో ముందు నడిచాడు.

మోతలు తగ్గిన వీధి చివర ఎడ్లబండి అడ్డమొచ్చి జట్కా ఆగింది. గుర్రానికి మోత వినబడేలా ఆయన తలగుడ్డ విప్పడం, ఎక్కి కూర్చోవడం వీధి మొదట్లో నిలబడ్డ నాకు కనిపించాయి. తర్వాత ఆమె చెయ్యి లేచింది. నా చుట్టూ మోగుతున్న బండల మోతల్లో ఆ దెబ్బ నాకు వినబడలేదు. జట్కా మాత్రం కదిలింది.