దీవిలో దాక్కున్న మేనమామ

మా మేనమామ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మా అక్కను చేసుకుంటానని వరపూజలో కొత్త బట్టలు కట్టుకొని బుద్ధిగా కూర్చున్నాడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు తాండూరులో బొంబాయి రైలెక్కి మాయమయ్యాడు. పడమటి సముద్రంలో ఒక దీవి మీద, ఇంగ్లీషువాళ్లు కట్టిన పాత లైట్‌హౌస్‌లో కొలువు చేస్తున్నాడని మాకు చాలాకాలానికి తెలిసింది. ఈలోగా వచ్చిన సంబంధాలన్నిటినీ అమ్మ వెనక్కి పంపింది. "నా తమ్ముడు వస్తడు" అనేది. అక్క ఈడు పిల్లలు వికారాబాద్ నుంచి, ధారూర్ నుంచి చంకన బిడ్డలతో పుట్టిళ్లకు వచ్చిపోతున్నారు.

చివరికి నేనే బయలుదేరాను. వస్తే తీసుకురావాలి. రానంటే ఆ మాట అతని నోటితోనే అమ్మకు చెప్పించాలి.

పడవ దిగడానికి అక్కడ ఒడ్డంటూ లేదు. అల పైకి లేచినప్పుడు దూకి బండను పట్టుకోవాలి. నేనూ బండల ఊరివాణ్ణే. కానీ తాండూరు బండ చాప పరిచినట్టు పడుకొని ఉంటుంది, ఇక్కడిది నిలువునా లేచి ఉంది. నాచు మీద జారి మోకాలు చీరుకుపోయింది. పైకి దారి దొరక్క దీవి చుట్టూ తిరిగాను. చెట్టు లేదు, నీడ లేదు, అంతటా పక్షుల రెట్ట. నీళ్లు బండల సందుల్లో దూరి చెవులు పగిలేలా మోగుతున్నాయి. సముద్రాన్ని చూడటం నాకదే మొదటిసారి. బాగుందో లేదో చూసే ఓపిక లేదు. ఒక్క మాట చెప్పలేక ఇంతదూరం వచ్చి దాక్కుంటాడా మనిషి! తిట్టుకుంటూనే ఎక్కాను.

లోపల రాతిమెట్లు నడుమ అరిగి గుంతలు పడి ఉన్నాయి. పైన మామ దీపం అద్దాలు తుడుస్తున్నాడు. నన్ను చూడగానే చేతిలో గుడ్డ జారిపోయింది.

"మా అక్క మంచిగున్నదా?" అన్నాడు. అడిగింది మా అమ్మ గురించి.

"మరి మా అక్క సంగతి అడగవా?" అన్నాను.

తల దించుకున్నాడు. "గా పిల్లను భుజాల మీద మోసిన. ముద్దలు చేసి తినిపించిన. దాన్ని పెండ్లామని ఎట్ల అనుకోవాలె? మీ అమ్మ ముందల వద్దనే ధైర్యం లేకపాయె."

"నీకు పెండ్లాం వద్దు, మంచిదే. దానికి మొగుడు గూడ వద్దా?"

వచ్చి అమ్మతో చెప్పమని చొక్కా పట్టుకొని గుంజాను. "నాతోని గాదు, నువ్వే చెప్పు" అని గ్యాసునూనె డబ్బా ఎత్తుకొని దీపం దగ్గరికి పోయాడు. ఎత్తుకు మోసిన పిల్లను చేసుకోలేననడంలో న్యాయం ఉందని నాకు తెలుసు. అందుకే ఒళ్లు మరింత మండింది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని, "సన్నబడ్డడా కొడుకా? ఆడ ఏం తింటున్నడు?" అన్నది.

తలుపు చాటు నుంచి అక్క బయటికి వచ్చింది. ఆడపిల్ల తన పెళ్లి మాట తానెత్తడం మా ఇంట్లో ఎన్నడూ లేదు.

"అమ్మా, పోయినేడు పరిగి నుంచి వచ్చిపోయినోళ్లకు కబురు పంపు" అన్నది.

ఆ పరిగి సంబంధం పిల్లగాడికి మొన్న ఎండాకాలంలోనే పెళ్లయిపోయింది. అమ్మకు తెలుసు, నాకు తెలుసు. అక్కకే ఎవరూ చెప్పలేదు.